బాస్‌కి కూర డబ్బా ఇస్తే "కర్రీయింగ్ ఫేవర్" అన్నాడు. అది మన కర్రీనేనా?

ప్రశ్న: నేను డాలస్ దగ్గర ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో టెస్టింగ్ టీమ్‌లో పనిచేస్తున్నాను. మాది భీమవరం వైపు. ఉగాదికి ఆఫీసులో పాట్‌లక్ పెట్టుకుంటే గుత్తివంకాయ కూర చేసి తీసుకెళ్ళాను. మా మేనేజర్ అమెరికన్ ఆవిడ. ఆ కూర ఆవిడకి తెగ నచ్చేసింది. అప్పట్నుంచి వండినప్పుడల్లా ఆవిడకి ఓ చిన్న డబ్బా పట్టుకెళ్తున్నాను. మొన్న బ్రేక్‌రూమ్‌లో డబ్బా ఇచ్చి వెనక్కి తిరిగానో లేదో, పక్క టీమ్ కొలీగ్ ఒకతను నవ్వుతూ "కర్రీయింగ్ ఫేవర్ విత్ ద బాస్, హా?" అన్నాడు. అక్కడున్న ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. నేనూ నవ్వేశాను కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇండియన్‌ని కాబట్టి కర్రీ అని ఎగతాళి చేశాడా? మావారు వెంటనే హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టమంటున్నారు. మా చెల్లేమో ఫోన్లో విని, "కర్రీ ఫ్లేవర్ అనుంటాడే, నువ్వే సరిగ్గా వినలేదు" అని కొట్టిపారేసింది. అతను మామూలుగా మంచివాడే, పనిలో చాలాసార్లు సాయం చేశాడు కూడా. వచ్చే నెల అప్రైజల్. అసలు ఆ మాటకి అర్థం ఏంటి, ఎక్కణ్ణుంచి వచ్చింది? నేనేం చేయాలి?

సమాధానం: మీవారు పెట్టమన్న మెయిల్ ఇంకా డ్రాఫ్ట్‌లోనే ఉంటే ప్రస్తుతానికి అక్కడే ఉండనివ్వండి. మీరు సరిగ్గానే విన్నారు. అతనన్నది ఫ్లేవర్ కాదు, ఫేవరే. అయితే అందులో వినిపించే కర్రీకీ మన కూరకీ చుట్టరికం లేదు. ఇంగ్లీషువాళ్ళకి మన కూరల సంగతి తెలియక ముందునుంచీ, దాదాపు 600 ఏళ్ళుగా, ఆ మాట వాళ్ళ నోట్లో నలుగుతోంది.

ఇక్కడిదాకా చదివి "హమ్మయ్య" అనేసుకోకండి. దాని అసలు అర్థం కూడా అంత ముద్దుగా ఏమీ ఉండదు. "ఏంటి, బాస్‌ని కాకా పడుతున్నావా?" అన్నాడతను. అంటే మీ దేశాన్నో, మీ వంటనో అనలేదు గానీ, మీరు ఆ డబ్బా ఎందుకిస్తున్నారన్న దానిమీద ఓ రాయి వేశాడు. కాబట్టి మీకు చివుక్కుమనడంలో తప్పులేదు, చివుక్కుమన్న కారణమే వేరు. ఈ తేడా ఎందుకు ముఖ్యమో చివర్లో హెచ్ఆర్ సంగతి మాట్లాడుకునేటప్పుడు తెలుస్తుంది.

ముందు అర్థం. ఆ మాటలో ఫేవర్ అంటే మనం రోజూ అడిగే "ఓ చిన్న ఫేవర్ చేసి పెట్టవా" లోని సాయం కాదు. పైవాళ్ళ అభిమానం, దయ, పాతకాలం భాషలో చెప్పాలంటే కటాక్షం. దాన్ని సంపాదించుకోవడానికి పనిగట్టుకుని చేసే సేవలూ, పొగడ్తలూ, కానుకలూ అన్నీ కలిపి ఆ నుడికారం. ఎవరి దగ్గర చేస్తున్నామో చెప్పాలంటే "విత్" పెడతారు: విత్ ద బాస్, విత్ ద టీచర్. పేపర్లలో "విత్ ద ఓటర్స్" అని కూడా కనిపిస్తుంది. అవతలివాళ్ళ దగ్గర మనకి కావలసింది ఏదో ఉండాలి, అదే షరతు. తనగురించి తాను ఎవరూ ఈ మాట చెప్పుకోరు. "నేను మా బాస్ దగ్గర కర్రీ ఫేవర్ చేస్తున్నాను" అని సీరియస్‌గా అనే మనిషి ఉండడు. ఎప్పుడూ ఇంకొకరి మీద వేసే నింద అది.

ఉత్త పొగడ్తకీ దీనికీ కాస్త తేడా ఉంది. పొగడాలంటే నోరు విప్పాలి. దీనికి నోరు విప్పక్కర్లేదు. మాటా పలుకూ లేకుండా టేబుల్ మీద పెట్టిన కూర డబ్బా చాలు, అనేవాడు అనేస్తాడు.

తెలుగులో ఈ పనికి మాటలకేం కొదవ? కాకా పట్టడం, మస్కా కొట్టడం, సోపు వేయడం, భజన చేయడం, అడుగులకి మడుగులొత్తడం. ఇన్నున్నాయంటేనే మన దర్బార్లూ ఆఫీసులూ ఎలా నడిచాయో ఊహించుకోవచ్చు. ములగచెట్టు ఎక్కించడం మాత్రం వేరే జాతి. అక్కడ పొగిడేవాడికి అవతలివాడు పడిపోతే చూడాలన్న సరదా ఉంటుంది. మీ కొలీగ్ వాడిన మాటకి అన్నిటికంటే దగ్గరగా వచ్చేది, మనం పెద్దగా పట్టించుకోని ఓ మామూలు మాట: దువ్వడం. "ఎన్నికలు దగ్గరపడ్డాయి, అలిగినవాళ్ళని దువ్వుతున్నారు" అంటాం. "ఆయన్ని కాస్త దువ్వితే సంతకం పెట్టేస్తాడు" అంటాం. ఆ ఇంగ్లీషు నుడికారం కూడా అక్షరాలా దువ్వడమే. దువ్వింది గుర్రాన్ని.

కర్రీ అనే ఆ క్రియ ఇంగ్లీషులోకి పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. సిద్ధం చేయడం, తీర్చిదిద్దడం అని దాని మూలార్థం. ఊనిన తోలుని నూనె పట్టించి, సాపు చేసి, మెత్తబరిచి చెప్పులకీ జీనులకీ పనికొచ్చేలా చేసేవాణ్ణి ఇంగ్లీషులో ఇప్పటికీ "కరియర్" అంటారు. ఉద్యోగం కెరీర్ కాదు, సామాన్లు మోసే కొరియరూ కాదు, ఇది మూడోది. అదే క్రియని గుర్రానికి మాలీసు చేయడానికి కూడా వాడారు.

దీన్ని మీరు కళ్ళారా చూడొచ్చు. మీరుండేది టెక్సస్‌లో. గుర్రాలకి కావలసిన సామాన్లు అమ్మే కొట్టుకి ఏ శనివారమో వెళ్ళి "కర్రీ కోంబ్" అనడిగితే చేతికిస్తారు. అరచేతిలో పట్టేంత ఉంటుంది, కోడిగుడ్డు ఆకారంలోనో గుండ్రంగానో. ఒకవైపు వరసలు వరసలుగా పొట్టి పళ్ళు, ఇంకోవైపు చెయ్యి దూర్చుకోవడానికి ఓ పట్టీ. ఈ రోజుల్లో ఎక్కువగా రబ్బరువే, పాత పద్ధతిలో ఇనుపవీ దొరుకుతాయి. గుర్రం మెడ దగ్గర మొదలుపెట్టి వీపు మీదుగా తొడల దాకా గుండ్రంగా తిప్పుతూ రుద్దితే, ఎండిపోయిన బురదా, ఊడిన వెంట్రుకలూ, దుమ్మూ పైకి లేస్తాయి. ఆ తర్వాతే బ్రష్షుతో దులుపుతారు. ముఖానికీ, మోకాళ్ళ కింద ఎముక తగిలేచోటా గట్టి పళ్ళది వాడరు. రుద్దాల్సిన చోట రుద్దితే గుర్రానికి ఎంత హాయంటే, మెడ బారచాపి, పైపెదవి వంకర్లు తిప్పుతూ నిలబడిపోతుంది. పొగడ్తకి పడిపోయిన పెద్దమనిషి మొహం ఎలా ఉంటుందో చూడాలంటే ఆ గుర్రాన్ని చూడాలి.

మరి తినే కర్రీ? దాని వంశవృక్షం పూర్తిగా వేరు. మన పక్కింటి తమిళం "కరి" నుంచి పోర్చుగీసువాళ్ళ నోట్లో పడి, అక్కణ్ణుంచి యూరప్ అంతా పాకింది. వాస్కో డ గామా కాలికట్‌లో దిగిందే 1498లో. డచ్చి యాత్రికుడు లిన్‌షోటెన్ రాసిన పుస్తకానికి 1598లో ఇంగ్లీషు అనువాదం వచ్చింది, అన్నం మీద పోసుకునే ఆ పులుసు సంగతి ఇంగ్లీషువాళ్ళు చదివింది అందులో. హానా గ్లాస్ అనే ఆవిడ 1747లో అచ్చువేసిన వంటల పుస్తకంలో ఇండియా పద్ధతి కర్రీ ఎలా చేయాలో ఉంది. గుర్రాన్ని దువ్వే కర్రీయేమో అప్పటికే వాళ్ళ భాషలో ముసలిదైపోయింది. ఒకేలా పలుకుతాం, ఒకేలా రాస్తాం, అంతే.

సరే, గుర్రాన్ని దువ్వితే ఫేవర్ ఎందుకొస్తుంది? ఇక్కడే అసలు కథ ఉంది. మొదట్లో ఆ నుడికారంలో ఫేవర్ లేనే లేదు. ఉన్నది "ఫేవెల్". అది ఓ గుర్రం పేరు.

ఫ్రాన్స్‌ని నాలుగో ఫిలిప్ ఏలుతున్న రోజులు. రాజుగారి కచేరీలో గుమాస్తా ఒకడున్నాడు, పేరు జెర్వే దు బుస్. రోజూ పెద్దవాళ్ళ ఉత్తర్వులు రాసిపెట్టే మనిషికి ఆ దర్బారు లోపలి సంగతులన్నీ తెలుస్తాయి కదా. ఆయన ఓ పెద్ద వ్యంగ్య కావ్యం రాశాడు, రొమాన్ ద ఫోవెల్ అని. మొదటి భాగం 1310లో, రెండోది 1314లో పూర్తయ్యాయి. అందులో కథానాయకుడు ఫోవెల్ అనే గుర్రం. మట్టిరంగూ పసుపూ కలిసిన ఓ వెలిసిన వన్నె దానిది. ఆ వన్నెని ఫ్రెంచిలో ఫోవ్ అంటారు, పేరు అందులోంచే వచ్చింది. ఆ కాలం వాళ్ళకి ఆ రంగు గుర్రమంటే మోసానికి గుర్తు.

గుర్రపుశాలలో పడుండటం ఫోవెల్‌కి నచ్చలేదు. అదృష్టదేవత ఫార్చ్యూన్ దయవల్ల తిన్నగా రాజప్రాసాదంలోకి మకాం మార్చేసింది. అక్కడ దానికి మేలైన గాడి కట్టారు. ఇంక చూడండి, దేశదేశాల రాజులూ, ప్రభువులూ, మతాధికారులూ, సన్యాసులూ, చివరికి బీదాబిక్కీ కూడా వరసకట్టి వచ్చి ఆ గుర్రానికి మాలీసు చేయడం మొదలుపెట్టారు. ఒకరు తోక దువ్వుతారు, ఒకరు వీపు రుద్దుతారు, ఒకరు డెక్కలు తుడుస్తారు. పోప్‌గారే స్వయంగా ఒక చేత్తో కళ్ళెం పట్టుకుని రెండో చేత్తో దాని తల నిమురుతూ ఎంత అందమైన జంతువో అని మెచ్చుకుంటాడు. పక్కనున్న కార్డినళ్ళు వెంటనే అవునవునంటారు. గమనించారా, వాళ్ళు పొగిడింది గుర్రాన్ని కాదు, గుర్రాన్ని పొగిడిన పోప్‌ని. కాకా పట్టేవాణ్ణి కాకా పట్టేవాళ్ళు ఏ కాలంలోనైనా ఉంటారన్నమాట. మీటింగుల్లో వైస్ ప్రెసిడెంట్ జోకుకి డైరెక్టర్ నవ్వితే, డైరెక్టర్ నవ్వుని చూసి నవ్వేవాళ్ళు మీకూ తగిలే ఉంటారు.

గుర్రం పేరులోనే గుట్టంతా పెట్టాడు కవి. ఫోవెల్ అనే పేరులో ఆరక్షరాలు, ఒక్కో అక్షరానికీ ఒక్కో దుర్గుణం. ముఖస్తుతి, లోభం, నీచత్వం, నిలకడలేనితనం, అసూయ, పిరికితనం. వరసలో మొట్టమొదటిది ముఖస్తుతే అన్నది గుర్తుపెట్టుకోండి. పైగా ఆ పేరుని రెండుగా విరిస్తే ఫ్రెంచిలో "ముసుగేసుకున్న అబద్ధం" అని కూడా వస్తుంది.

రెండో భాగంలో ఫోవెల్‌గారికి ఇంకా పైకెక్కాలని ఆశ పుడుతుంది. ఏకంగా అదృష్టదేవతనే పెళ్ళాడతానని బయల్దేరుతుంది. ఆవిడ ఛీకొట్టి, తన బదులు వృథాడంబరం అనే అమ్మాయిని కట్టబెడుతుంది. ఆ జంటకి పుట్టిన పిల్ల ఫోవెల్‌లు లోకమంతా నిండిపోతారు. కథ అలా ముగుస్తుంది. రాసినాయనకి ఆశాభావం పెద్దగా ఉన్నట్టు లేదు.

ఈ కథ ఎవరిమీదో అప్పటివాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎంగెరాన్ ద మారిన్యీ అని, నార్మండీలో ఓ చిన్న కుటుంబంలో పుట్టి, ఫిలిప్ రాజు కొలువులో మంత్రిస్థాయికి ఎదిగినవాడు ఉండేవాడు. ఖజానా అంతా ఆయన చెప్పుచేతల్లో నడిచింది. 1314 నవంబరులో రాజు పోయాడు. దువ్వినవాళ్ళంతా మాయమైపోయారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో, అంటే 1315లో, మారిన్యీని పారిస్ బయట మోంఫోకోన్ అనేచోట ఉరితీశారు. ఆ తర్వాత కొద్దికాలానికే ఈ కావ్యానికి బొమ్మలూ పాటలూ చేర్చి ఓ అద్భుతమైన రాతప్రతి తయారుచేశారు. అది ఇప్పుడు పారిస్‌లోని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. కొన్ని బొమ్మల్లో ఫోవెల్‌కి మనిషి ఒళ్ళూ గుర్రం తలా, కొన్నిట్లో మనిషి తల కింద గుర్రం ఒళ్ళూ ఉంటాయి. మధ్యయుగాల సంగీతం మీద పరిశోధన చేసేవాళ్ళకి ఆ ప్రతి పెద్ద నిధి.

ఆ రోజుల్లో ఇంగ్లండు ప్రభువర్గానికి ఫ్రెంచి చదువుకున్నవాళ్ళ భాష. అలా ఫోవెల్ సముద్రం దాటి ఇంగ్లీషులో ఫేవెల్ అయ్యాడు. 14వ శతాబ్దిలో విలియం లాంగ్లండ్ రాసిన పియర్స్ ప్లౌమన్ కావ్యంలో ఫేవెల్ అనే పాత్ర తీయటి మాటలతో జనాన్ని బుట్టలో వేస్తూ తిరుగుతుంది. 1400 ప్రాంతానికి "కర్రీ ఫేవెల్" అన్నది నుడికారంగా స్థిరపడింది. ఫేవెల్‌ని దువ్వడమంటే కాకా పట్టడం.

ఆ తర్వాత జరిగింది మీ చెల్లి విషయంలో జరిగిందే. తరాలు గడిచాయి, ఫ్రెంచి కావ్యాన్ని జనం మరిచిపోయారు, ఈ ఫేవెల్ ఎవరో ఎవరికీ తెలియదు. తెలియని మాట చెవిన పడితే మెదడు దానికి దగ్గరగా ఉన్న తెలిసిన మాటని తెచ్చి అతికిస్తుంది. గుర్రాన్ని దువ్వేది పెద్దల దయ కోసమే కదా, కాబట్టి అది ఫేవర్ అయ్యుంటుందిలే అనుకున్నారు. 16వ శతాబ్ది మొదలయ్యేసరికి ఫేవెల్ పోయి ఫేవర్ కూర్చుంది. ఇప్పుడు మీ చెల్లి, డబ్బాలో గుత్తివంకాయ ఉంది కాబట్టి, ఫేవర్‌ని ఫ్లేవర్ చేసింది. ఆ అమ్మాయిని ఏమనకండి, మొత్తం ఇంగ్లండే ఒకసారి ఆ పని చేసింది.

ఆఫీసులో ఉన్నారు కాబట్టి ఈ కుటుంబానికి చెందిన ఇంకొన్ని మాటలు కూడా మీ చెవిన పడతాయి. "బటర్ అప్" అంటారు, అచ్చం మన మస్కా కొట్టడమే. మస్కా అన్నా వెన్నే కదా. దీనిమీద వాట్సాప్‌లో ఓ కథ తిరుగుతూ ఉంటుంది, పూర్వం ఇండియాలో జనం దేవుడి విగ్రహాల మీదికి నేతి ముద్దలు విసిరి కోరికలు కోరుకునేవాళ్ళనీ, దాన్నుంచే ఈ మాట పుట్టిందనీ. మనవాళ్ళు గర్వంగా ఫార్వర్డ్ చేస్తుంటారు. ఆంజనేయస్వామికి వెన్న పూయడం మనకి తెలుసు, కృష్ణుడికి వెన్న నైవేద్యం తెలుసు. విసరడం ఎక్కడ చూశారో మరి! రొట్టె మీద వెన్న రాసినట్టు నున్నగా మాట్లాడటం అన్న సంగతి ఏ ఇంగ్లీషు వంటింట్లోనైనా తట్టేదే, దానికోసం మన గుళ్ళదాకా రానక్కర్లేదు.

"టోడీ" అనేది మాత్రం వినడానికి చిన్నమాటే అయినా కథ చేదుగా ఉంటుంది. టోడ్ అంటే గరుకు చర్మపు కప్ప. దానికి విషం ఉంటుందని యూరప్‌లో గట్టి నమ్మకం. 17వ శతాబ్దపు ఇంగ్లండు సంతల్లో నాటుమందులమ్మే మాయగాళ్ళు ఓ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని తిరిగేవారు. వాడు జనం ముందు ఆ కప్పని తినాలి, లేదా తిన్నట్టు నటించాలి. కిందపడి గిలగిల్లాడాలి. అప్పుడు యజమాని తన మందు రెండు చుక్కలు పోస్తాడు, కుర్రాడు లేచి కూర్చుంటాడు, సీసాలు చకచకా అమ్ముడుపోతాయి. యజమాని కోసం కప్పనైనా మింగేవాడు అన్న అర్థంలో టోడ్ ఈటర్ తిట్టయింది, అది కుదించుకుని టోడీ అయింది. నాకైతే ఇందులో ఆ కుర్రాడి మీద జాలే కలుగుతుంది. వాడికి కూలి గిట్టాలి కదా.

"ఆపిల్ పాలిషర్" అని కూడా వినొచ్చు. టీచరమ్మకి ఆపిల్ని తళతళా తుడిచి తెచ్చిచ్చే అమెరికా బడిపిల్లల నుంచి వచ్చిందది, వినడానికి పెద్దగా నొప్పించదు. "బ్రౌన్ నోసర్" అన్నది ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి గానీ మీరు మాత్రం ఆఫీసులో వాడకండి. దాని వెనకున్న బొమ్మ మర్యాదగా చెప్పుకోదగ్గది కాదు, ముక్కు ఎక్కడ పెడితే ఆ రంగు అంటుతుందో ఆలోచిస్తే తెలిసిపోతుంది. వీటన్నిటి పక్కన పెడితే మీ కొలీగ్ వాడింది కాస్త పుస్తకాల వాసన ఉన్న, పెద్దమనిషి తరహా మాటే.

ఇక మీరేం చేయాలన్నది.

నుడికారానికి కూరతో సంబంధం లేదన్నాను. అన్న మనిషి సంగతి నేను హామీ ఇవ్వలేను. ఎదురుగా కూర డబ్బా ఉంది, నోట్లో కర్రీ అనే మాట ఉంది, కావాలనే రెండూ కలిపి జోక్ వేసి ఉండొచ్చు. ఇంగ్లీషువాళ్ళకి అలాంటి శ్లేష దొరికితే వదలబుద్ధి కాదు, మన అవధానుల్లాగే. శ్లేష కోసం వేశాడా, మీ తిండిని తక్కువ చేయడానికి వేశాడా అన్నది అతని మిగతా ప్రవర్తన చెబుతుంది. ఇంతకుముందు మీ లంచ్ బాక్సు తెరిస్తే వాసన అని మొహం చిట్లించాడా? మీ యాసని అనుకరించాడా? అలాంటివేం మీరు రాయలేదు, పైగా మామూలుగా మంచివాడేననీ, పనిలో సాయం చేశాడనీ మీరే రాశారు. అలాంటప్పుడు నేనైతే శ్లేష అనే అనుకుంటాను.

హెచ్ఆర్‌కి జాతి వివక్ష అని రాస్తే ఏమవుతుందో ఆలోచించండి. వాళ్ళు చేసే మొదటి పని ఆ మాటకి అర్థం చూడటం. డిక్షనరీలో గుర్రం కనిపిస్తుంది. అక్కడితో మీ ఫిర్యాదు బలం సగం పోతుంది, రేపు నిజంగా రాయాల్సిన సంగతి జరిగినప్పుడు కూడా "ఈవిడే కదా అప్పుడు కూడా" అనుకునే ప్రమాదం ఉంది. అమెరికాలో 1964 నాటి పౌరహక్కుల చట్టంలోని ఏడో అధ్యాయం, పుట్టిన దేశాన్ని బట్టి ఉద్యోగుల్ని వేధించడాన్ని గట్టిగానే నిషేధిస్తుంది. కానీ ఎప్పుడో ఒకసారి నోరుజారిన చిన్న మాటని మామూలుగా ఆ చట్టం కిందికి తీసుకోరు. మాటలు పదేపదే రావాలి, లేదా ఒక్కటే అయినా చాలా తీవ్రమైనదై ఉండాలి. అందుకని తారీఖు, అన్న మాట, అక్కడ ఎవరెవరున్నారు అన్నది మీ సొంత నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి, ఆఫీసు లాప్‌టాప్‌లో వద్దు. మళ్ళీ మీ తిండి మీదో, ఊరి మీదో, యాస మీదో మాట పడితే అప్పుడు మీవారు చెప్పిన మెయిలే పెడదాం.

అతనితో మాత్రం ఓసారి మాట్లాడండి, నలుగురిలో వద్దు. కాఫీ దగ్గర కలిసినప్పుడు మామూలు గొంతుతో, "మొన్న నువ్వన్న మాట నాకు తెలియక ఇంటికెళ్ళి చూసుకున్నాను. బాస్ మెప్పు కోసం తెస్తున్నానని నిజంగానే అనుకుంటున్నావా?" అనడగండి. అంతే, ఇంకేం కలపొద్దు. ఆ తర్వాత మీరు మౌనంగా ఉండాలి, కష్టమైనా సరే. జోక్ వేసినవాడైతే "అయ్యో, ఊరికే అన్నాను" అని చెవులు ఎర్రబడతాయి. నిజంగా కడుపుమంట ఉన్నవాడైతే ఏదో ఒకటి బయటపెడతాడు, "అవున్లే, నీకు మంచి ప్రాజెక్టులు వస్తున్నాయిగా" అనో ఇంకోటో. అప్పుడు గొడవ కూర గురించి కాదని మీకు తేలిపోతుంది.

ఇంకో మాట, కాస్త నిష్ఠూరంగా ఉంటుంది, ఏమనుకోకండి. అతని ప్రశ్నని మీరు కూడా ఒకసారి మీలో మీరు అడిగి చూసుకోండి. రేపు మీ మేనేజర్ వేరే డిపార్ట్‌మెంట్‌కి మారిపోయి, మీ అప్రైజల్‌తో ఆవిడకి ఏ సంబంధం లేకపోయినా, వండినరోజు ఆ అంతస్తు దాకా డబ్బా పట్టుకెళ్తారా? వెళ్తానంటే ఎవరేమన్నా పట్టించుకోకండి. మీవైపు వాళ్ళ చెయ్యి సంగతి నాకు తెలుసు, ఇంటికొచ్చినవాళ్ళకి పెట్టకుండా పంపరు, నచ్చిందన్నవాళ్ళకి మళ్ళీ పెట్టకుండా ఉండలేరు. ఏమో, ఆలోచించాలి అనిపిస్తే దానికీ సిగ్గుపడక్కర్లేదు. కొత్త దేశం, కొత్త ఉద్యోగం, పైవాళ్ళ మనసులో కాస్త చోటు ఉంటే బాగుండునని ఎవరికుండదు? ఆ సంగతి మీకు తెలిసి ఉంటే చాలు.

అయితే బయటివాళ్ళకి మీ మనసు కనిపించదు, డబ్బా కనిపిస్తుంది. ఆఫీసు మొత్తంలో కూర తినేది ఒక్క బాస్ అయినప్పుడు భీమవరంలోనైనా ఇదే మాట వచ్చేది, కాకపోతే మస్కా అనేవాళ్ళు. కాబట్టి ఈ నెలలో చిన్న మార్పు చేయండి. చిన్న డబ్బా మానేసి, వంకాయలు ఇంకో కిలో ఎక్కువ వేసి, పెద్ద గిన్నెతో బ్రేక్‌రూమ్ టేబుల్ మీద పెట్టేయండి. వేరుశనగపప్పు పడుతుంది కాబట్టి ఆ సంగతి చీటీ మీద పెద్దక్షరాలతో రాసి పక్కన పెట్టడం మరిచిపోకండి, అక్కడ ఆ అలర్జీ ఉన్నవాళ్ళు చాలామంది. ఆ కొలీగ్‌కి మీరే ఓ ప్లేటులో పెట్టివ్వండి. ఈసారి కూడా జోక్ వేస్తే, "ఈరోజు నిన్నే దువ్వుతున్నాను, నా బగ్‌లు త్వరగా క్లోజ్ చెయ్యి" అనేయండి. ఇంగ్లీషులో కూడా అదే నుడికారం వాడి అనొచ్చు, ఇప్పుడు దాని అర్థం అతనికంటే మీకే బాగా తెలుసు.

మేనేజర్‌కి ఈ గొడవేదీ చెప్పకండి. చెబితే ఆవిడ ఇబ్బందిపడి కూర తినడం మానేస్తుంది, లేదా అతన్ని పిలిచి మందలిస్తుంది. రెండూ మీ నెత్తికే చుట్టుకుంటాయి. అప్రైజల్‌కి మాత్రం మీ పని కాగితం మీద ఉండేలా చూసుకోండి. ఏ రిలీజ్‌కి ఎన్ని కేసులు రాశారు, ఏ పెద్ద లోపం ముందే పట్టుకున్నారు, ఎవరికి పని నేర్పారు, ఇవన్నీ ఈ వారమే కూర్చుని రాసేయండి. మీ కంపెనీలో కానుకల మీద ఏదైనా రూల్ ఉందేమో హ్యాండ్‌బుక్‌లో ఓసారి చూడండి. ఇంటి వంటని సాధారణంగా ఎవరూ లెక్కలోకి తీసుకోరు, అయినా చూసి ఉంచుకుంటే మీకు ధైర్యం.

అప్రైజల్ అయిపోయాక ఆవిడకి మళ్ళీ చిన్న డబ్బా ఇవ్వొచ్చా అంటే, నిక్షేపంగా ఇవ్వండి.